వెలుతురు వైపు కుర్చీ

మిల్లు వెనక వీధి,
సైకిల్ షాపు మీద గది,
సోమవారం పొద్దున.

అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. నేను క్షేమం. క్షేమం అంటే మామూలు క్షేమం కాదు, కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఈ ఉత్తరానికి ఇప్పటికే మూడు కాయితాలు పాడు చేశాను. సంతోషంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగిందని నీకు తెలుసుగా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

సంగతేమిటంటే, మిల్లు నన్ను మళ్ళీ పిలిచింది.

పోయిన మంగళవారం ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ఫైలు. మిల్లువాళ్ళు కొత్తగా సేవా విభాగం పెట్టారట, అందులో పని. చాలా గబగబా మాట్లాడే పిల్ల. నేను అన్నిటికీ తలూపాను. చివరికి కాయితం చేతిలో పెడితే అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను, ఆ పిల్ల భయపడి మంచినీళ్ళిచ్చింది.

మగ్గాల షెడ్డులో చేసి చెవులు పోగొట్టుకున్నవాళ్ళు ఈ వీధుల్లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. కొందరికి చెవి మిషన్లు పెట్టినా లాభం లేదు. ఇంట్లోవాళ్ళు అరిచి అరిచి విసిగిపోయారు, వీళ్ళు ఒక మూల చేరిపోయారు. అలాంటి ఇళ్ళవాళ్ళకి ప్రతి శనివారం మధ్యాహ్నం మన షెడ్డు మాట నేర్పించాలని మిల్లువాళ్ళ ఆలోచన. నేర్పేది ఎవరనుకున్నావు? మీ నాన్నే.

షెడ్డు మాట అంటే ఏంటని ఆ పిల్ల అడుగుతూ కాయితం మీద రాసి చూపించింది. చెప్పాను. రెండు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదమ్మా, అందుకే పెదాలు బాగా కదిపి, చేతులు తోడు చేసి, చప్పుడు లేకుండా మాట్లాడుకునేవాళ్ళం. పేర్లు కూడా వినపడవు కాబట్టి మనిషికో గుర్తు. నాకు మీసం దువ్వడం. మా ఆవిడకి వంకర చిటికెన వేలు. మా అమ్మాయి పుట్టిన వారానికే షెడ్డంతా కలిసి దానికో గుర్తు పెట్టింది, బుగ్గ మీద రెండు వేళ్ళు, సొట్టకి. ఇదంతా, నీ గుర్తుతో సహా, చెప్తే ఆ పిల్ల రాసుకోవడం మానేసి తన బుగ్గ మీద వేళ్ళు పెట్టుకుని చూసుకుంది.

పాత పత్తి గోదాం తుడిచి, సున్నం వేసి ఇచ్చారు. ఇరవై కుర్చీలు, గోడకి ఇంత పెద్ద అద్దం, పెదాలు చూసుకోవడానికి. మొన్న శనివారం మొదటి పాఠం. పద్నాలుగు మంది వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరికో కావలసినవాడిలా నడుస్తూ వెళ్ళడం ఎన్నాళ్ళైందో.

వచ్చే నెల ఆఖరి శనివారం పెద్ద ప్రారంభోత్సవం. మైకులో నేనూ నాలుగు మాటలు చదవాలట. నువ్వు రావాలి. మీ అమ్మ పోయినప్పుడు వచ్చి వెళ్ళినదానివి, నాలుగేళ్ళైంది. ముందు వరసలో నీకు కుర్చీ అట్టేపెట్టమని చెప్పేశాను.

ఫోను చేయకు. దాంట్లో గరగర తప్ప ఏమీ రావడం లేదు. ఉత్తరమే రాయి.

మీ నాన్న


బస్ స్టేషన్,
ప్రకటనల గది,
గురువారం.

నాన్నకి,

ఉత్తరం అంది రెండు వారాలైంది, ఇప్పటికి రాస్తున్నాను. నీకు పని దొరికినందుకు సంతోషం. నిజంగానే.

నా పని మామూలే. పొద్దున ఆరు నుంచి రెండు వరకు అద్దం వెనక కూర్చుని బస్సులు ఎప్పుడొస్తాయో, ఎక్కడ ఆగుతాయో చెప్తుంటాను. రోజుకి ఎన్ని వేలమంది నా గొంతు వింటారో లెక్కలేదు. ఒక్కడు తలెత్తి ఈ గది వైపు చూడడు. నిన్న గొంతు బొంగురుపోతే పక్క గదిలో టికెట్లిచ్చే ఆయన "మైకు పాడైందా" అని అడిగాడు.

ఫోను గురించి. కింద సైకిల్ షాపాయనకి చేసి కనుక్కున్నాను. నీ ఫోను చక్కగా మోగుతుందట, మోగుతుంటే నువ్వు దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటావట. "మీ నాన్నగారికి నేనంటే కోపమేమో, కింద నుంచి పిలిచినా పలకరు" అన్నాడు. గరగర ఎక్కడుంది నాన్నా, ఫోనులోనా?

ఇంకో మాట. వాళ్ళ చెవులు ఎందుకు పోయాయో మిల్లువాళ్ళు ఎక్కడైనా చెప్పారా? గోడ మీదో, కాయితం మీదో?

ఆ శనివారం సెలవు దొరకడం కష్టం.

ఉంటాను.


మిల్లు వెనక వీధి,
సైకిల్ షాపు మీద గది,
ఆదివారం.

అమ్మడికి,

నువ్వు రాసిన ఉత్తరం జేబులో పెట్టుకునే నిన్న పాఠం చెప్పాను. మధ్యమధ్యలో తడిమి చూసుకున్నాను.

నిన్న జరిగింది విను. నాలుగో వరసావిడ నీకు గుర్తుందా? నాలుగో వరసలో కిటికీ పక్క మగ్గం, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది, నువ్వు వస్తే కొంగులోంచి బెల్లం ముక్క తీసి పెట్టేది. ఆవిడకి ఇప్పుడు బొత్తిగా వినపడదు. వాళ్ళాయన తోటమాలి, ఆయన చెవులు పాము చెవులు. మూడేళ్ళుగా ఇద్దరి మధ్యా మాట లేదు. గొడవేం లేదు, ఊరికే మాట లేదు. ఆయన అరవలేడు, ఆవిడకి వినపడదు, అంతే.

నిన్న ఆయన్ని ఆవిడకి ఎదురుగా కూర్చోబెట్టాను. నాలుగు పాఠాలయ్యాయి కదా, ఏదైనా ఒక మాట చెప్పండి సార్, మీ ఇష్టం అన్నాను. ఆయన చాలాసేపు నోరు తెరవడం, మూయడం. గదిలో అందరం చూస్తున్నాం, మూడేళ్ళ తర్వాత మొదటి మాట ఏమంటాడో అని. చివరికి పెదాలు బాగా కదిపి, వేళ్ళు నలిపి చూపిస్తూ, "కూరలో ఉప్పు ఎక్కువవుతోంది" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, "మూడేళ్ళ నుంచీ అంతే వేస్తున్నా, ఇప్పుడా చెప్పేది" అంది.

నవ్వీ నవ్వీ నాకు దగ్గు తెర వచ్చింది. తోటమాలి మాత్రం నవ్వలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇంకేం చెప్పాలో తెలియక, మళ్ళీ అదే మాట చెప్పాడు. ఉప్పు ఎక్కువవుతోంది, ఉప్పు ఎక్కువవుతోంది అని. అలాంటి చోటికి రోజూ వెళ్ళమన్నా వెళ్తాను అమ్మడూ. నా బతుకులో ఇంత మంచి పని చేస్తానని అనుకోలేదు.

సేవా విభాగం అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. నేను చదవాల్సిన మాటలు తనే తీసుకొచ్చి ఇచ్చింది. మంచి పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు, పైన నా ఫొటో కూడా పెట్టారు. చదివి, కింద సంతకం పెడితే దాన్ని పటం కట్టి గోదాం గోడకి తగిలిస్తారట. మీ నాన్న ఫొటో, మిల్లు గోడ మీద. అనుకున్నామా ఎప్పుడైనా?

సైకిల్ షాపాయన మాటలు పట్టించుకోకు. అతను సగం మాటలు టైరులో గాలి కొడుతూ చెప్తాడు, ఎవరికి వినపడతాయి?

సెలవు ఇంకోసారి అడిగి చూడు.

మీ నాన్న


బస్ స్టేషన్,
ప్రకటనల గది,
బుధవారం.

నాన్నకి,

ఆ అచ్చు కాయితంలో ఏముంది?

ఎంత పెద్ద అక్షరాలో రాశావు, ఫొటో సంగతి రాశావు. ఏం రాసి ఉందో రాయలేదు. నువ్వు టీ తాగితే గ్లాసు రంగు కూడా రాసే మనిషివి.

నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చి రెండు రోజులుగా వదలడం లేదు. బట్టల బీరువాలో అడుగు అరలో, నీ పాత స్వెట్టరు కింద, ఒక అట్టపెట్టె ఉండేది. నిండా నారింజ రంగు రబ్బరు బిరడాలు, చిటికెన వేలంత. జతకి ఒక దారం. నాకు ఏడెనిమిదేళ్ళు. వాటిని బొమ్మకి దండ గుచ్చేదాన్ని, బొమ్మ ఇంట్లో గ్లాసుల్లా పేర్చేదాన్ని. ఒకరోజు అమ్మ చూసి, ఏమీ అనకుండా అన్నీ ఏరి పెట్టెలో పోసి మళ్ళీ స్వెట్టరు కిందే పెట్టింది.

అవి చెవుల్లో పెట్టుకునేవని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఇక్కడ బస్సుల గ్యారేజీలో ఒకాయన చెవుల్లో అదే రంగువి చూశాను. అవేమిటని ఆయన్నే అడిగాను.

రెండు వందల మగ్గాలకి చేరాల్సిన పెట్టె మన బీరువాలో ఎందుకుంది నాన్నా? షెడ్డు మేస్త్రీవి నువ్వు. పంచాల్సింది నువ్వు.


మిల్లు వెనక వీధి,
శనివారం.

అమ్మడికి,

ఉత్తరం చేరింది. ఈ వారం పని ఎక్కువగా ఉంది. కొత్తగా పదిమంది చేరారు, కుర్చీలు చాలక బల్లలు తెప్పించాం. అద్దం ఒక మూల పగిలితే కాయితం అంటించాను. ప్రారంభోత్సవానికి ఇంక పద్నాలుగు రోజులు.

ఆ పెట్టె సంగతి నాకు గుర్తు లేదు. పాత ఇంట్లో ఎన్నో పెట్టెలు ఉండేవి.

వంట్లో బాగానే ఉంది.

నాన్న


బస్ స్టేషన్ వెనక,
అద్దె గది,
మంగళవారం.

నాన్నకి,

పొట్టి ఉత్తరం నువ్వు రాయగా నేనెప్పుడూ చూడలేదు. దాన్ని బట్టే తెలిసింది, గుర్తుందని.

కిందటిసారి నేను పోలీసులా అడిగాను. అలా అడిగే హక్కు నాకు ఉందో లేదో నువ్వే చెప్పు. ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్తున్నాను.

అమ్మకి వినపడదన్న సంగతి నీకు ఆస్పత్రిలో తెలిసింది. పోవడానికి ఆరు నెలల ముందు. వయసు మీద పడి అలా అయిందనుకున్నావు. నాకు నా పదో ఏటే తెలిసింది.

ఒకరోజు పాల గిన్నె నా చేతిలోంచి జారి అమ్మ వెనకే పడింది. అంత చప్పుడుకి అమ్మ తిరగలేదు. కాళ్ళకి పాలు తగిలాక తిరిగింది. నేను చూసేశానని అమ్మకి అర్థమైంది. కూర్చోబెట్టి, షెడ్డు మాటలోనే చెప్పింది: తెలిస్తే మగ్గం మీంచి తీసేస్తారు, ఊడ్చే పనిలో వేస్తారు, మీ నాన్నకి చెప్పకు, ఆయన తట్టుకోలేడు. ఒట్టు వేయించుకుంది.

ఆ రోజు నుంచి అమ్మ చెవులు నేనే. నువ్వు వెనక నుంచి పిలిస్తే నేను కాలితో అమ్మ పాదం తొక్కేదాన్ని. తలుపు చప్పుడైతే రెండుసార్లు, పాలబ్బాయైతే మూడుసార్లు. నువ్వు చూడలేదని నిన్నెలా అనను? మన ఇంట్లో అన్నం దగ్గర కూడా అందరం షెడ్డు మాటే. ఏ ఇంట్లోనైనా వారంలో బయటపడేది, మన ఇంట్లో ఇన్నేళ్ళు దాగింది.

పందొమ్మిదేళ్ళకి నేను ఈ ఉద్యోగానికి వచ్చేశాను. బస్సెక్కుతుంటే అమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. నేను కిటికీ పక్కన కూర్చుని ఒక్కటే అనుకున్నాను: ఇక అమ్మ పాదం ఎవరు తొక్కుతారు? అనుకుని కూడా దిగలేదు.

ఈ నాలుగేళ్ళూ నేను రానిది నీ మీద కోపంతో అనుకుంటున్నావేమో. కోపం ఉంది. కానీ ఆ ఇంటి మెట్లెక్కాలంటే కాళ్ళు రానిది దానివల్ల కాదు.

ఇప్పుడు చెప్పు. ఆ కాయితంలో ఏముంది?


మిల్లు వెనక వీధి,
సైకిల్ షాపు మీద గది,
సోమవారం, పొద్దున మొదలుపెట్టి.

అమ్మడికి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో మడతల దగ్గర చిరుగుతోంది. ప్రారంభోత్సవం అయిపోయింది. అంతా రాస్తాను, నిలబడి కాదు, కూర్చుని తీరిగ్గా చదువు.

ముందు కాయితం. అందులో ఇలా ఉంది: "మా షెడ్డులో మొదటి నుంచి ప్రతి కార్మికుడికీ చెవి రక్షణ పరికరాలు ఇచ్చాము. వాడని వారికి వాడమని నచ్చజెప్పాము. కార్మికుల మేలు కోసం మిల్లు ఏనాడూ వెనుకాడలేదు. ఇట్లు, షెడ్డు మేస్త్రీ."

ఆ బిరడాలు మిల్లు పంపిన మాట నిజం. నేను పంచిన మాట కూడా నిజమే, పదహారు రోజులు. మగ్గం మీద దారం తెగితే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది, చప్పుడు మారుతుంది. చెవులు మూసుకునేసరికి ఎవరికీ తెలియలేదు, బట్ట నిండా చారలే. మేనేజరు నన్ను గదికి పిలిచి బట్ట నా మొహాన విసిరాడు. బిరడాలు తీసేయించమని నోటితో అనలేదు. ఆ పని నేను చేశాను. అన్నీ ఏరి పెట్టెలో పోసి, ఎవరి కంటా పడకూడదని ఇంటికి తెచ్చాను. నెలనెలా "పంచడమైనది" అని సంతకం పెట్టాను. పంతొమ్మిదేళ్ళు పెట్టాను. మీ అమ్మ మగ్గం నా కళ్ళ ముందే, రెండో వరసలో.

ఈ సంగతి నేను మర్చిపోలేదు అమ్మడూ. మర్చిపోయినట్టు బతకడం అలవాటైంది.

ఇంకోటి. సైకిల్ షాపాయన చెప్పింది నిజం. నాకు వినపడదు. ఎడం చెవి మూడేళ్ళ కిందటే పోయింది, కుడిది ఈ ఏడు. నీతో ఫోనులో మాట్లాడుతూ ఊ కొట్టడం, నువ్వేమన్నావో తెలియక ఫోను పెట్టేశాక గోడ వైపు చూస్తూ కూర్చోవడం, అందుకని గరగర అన్నాను. నీ గొంతు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుంటూ ఉంటాను. రోజుకి వేలమంది వింటారని రాశావు. ఆ అదృష్టవంతుల్లో నేను లేను.

ఇప్పుడు కుర్చీ సంగతి. ఇది చెప్పకపోతే మిగతాది నీకు అర్థం కాదు.

ప్రారంభోత్సవానికి వారం ముందు పాఠంలో నేను కిటికీకి వీపు పెట్టి నిలబడి ఏదో చెప్తున్నాను. నాలుగో వరసావిడ చెయ్యెత్తి, "మేస్త్రీ, జరుగు. నీ మొహం చీకట్లో ఉంది, ఒక్క ముక్క తెలియట్లేదు" అంది. జరిగాను. జరుగుతుంటే ఇంట్లో నా కుర్చీ గుర్తొచ్చింది.

నేను రిటైరయ్యాక ఈ గదిలో నా కుర్చీ ఎక్కడుండేదో నీకు తెలుసు. కిటికీకి వీపు పెట్టి, పేపరు మీద వెలుతురు పడేలా. షెడ్డు వదిలాను కదా అని షెడ్డు మాట కూడా వదిలేశాను, మామూలు మనుషుల్లా గొంతుతో మాట్లాడదాం అనుకున్నాను. మీ అమ్మ వచ్చి ఆ కుర్చీ ఇటు తిప్పేది. నేను మళ్ళీ అటు తిప్పుకునేవాణ్ణి. మళ్ళీ తిప్పేది. ఒకరోజు విసుక్కున్నాను, నా కుర్చీ జోలికి రాకు అని. ఆ తర్వాత తిప్పలేదు. మెల్లగా మాట కూడా మానేసింది. నేనేదో తప్పు చేశాను, అలిగింది, తనే మాట్లాడుతుందిలే అనుకున్నాను. నేనూ బింకంగా ఉన్నాను. రెండేళ్ళు, అమ్మడూ. ఆస్పత్రిలో డాక్టరు చెప్పాక కూడా ఈ రెండూ కలిపి చూసుకునే తెలివి నాకు రాలేదు. ఆవిడ అలగలేదు. నా మొహం చూడాలని కుర్చీ తిప్పింది.

ఇదీ మనసులో పెట్టుకుని శనివారం వెళ్ళాను. తోరణాలు, రిబ్బను, పూలు, మిల్లు పెద్దలు నలుగురు. గోదాం నిండా జనం. నీ కుర్చీ ముందు వరసలో ఖాళీగా ఉంది, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నన్ను పిలిచి మైకు ముందు నిలబెట్టారు. చేతిలో కాయితం. వెలుతురు మొహం మీద పడేలా కాస్త పక్కకి జరిగాను. జరిగి, కాయితం మడిచి జేబులో పెట్టి, షెడ్డు మాటలో మొదలుపెట్టాను.

చప్పుడు లేకుండా అంతా చెప్పాను. పెట్టె, పదహారు రోజులు, సంతకాలు, స్వెట్టరు. మిల్లు పెద్దలు మైకు పాడైందనుకున్నారు. ఒకాయన వచ్చి దాన్ని తట్టాడు, ఇంకొకాయన వైరు కదిపాడు. సేవా విభాగం అమ్మాయి నా నోటి దగ్గరకి మైకు జరిపింది. వాళ్ళు అలా దాంతో కుస్తీ పడుతుంటే ఎదురుగా నా షెడ్డు మనుషులు కదలకుండా కూర్చుని నా పెదాల వంకే చూస్తున్నారు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.

అయిపోయాక తోటమాలి లేచి, "ఏంటి మేస్త్రీగారూ, పాఠాల్లో లేని మాటలు చెప్తున్నారు, మాకు అందలేదు" అన్నాడు. ఆయన పెదాలు చదివాను. అప్పుడు సిగ్గేసింది. వినపడనివాళ్ళకి మాత్రమే చెప్పి, వినపడేవాళ్ళ దగ్గర దాచుకుంటే అది మళ్ళీ స్వెట్టరు కింద పెట్టడమే. అందుకని గొంతుతో, మైకులో, మొదటి నుంచీ చెప్పాను. నా గొంతు నాకు తెలియదు కాబట్టి ఎంత గట్టిగా వచ్చిందో ఏమో, గేటు దగ్గర వాచ్‌మన్ పరిగెత్తుకుని లోపలికి వచ్చాడు.

నాలుగో వరసావిడ నా దగ్గరకి వచ్చింది. కొడుతుందనుకున్నాను. "పెట్టె నీ ఇంట్లో ఉందని మాకెప్పుడో తెలుసు. మీ ఆవిడే చెప్పింది. నీ నోటితో నువ్వు చెప్తావా లేదా అని చూస్తున్నాం. చాలా ఆలస్యం చేశావు" అంది. క్షమించానని మాత్రం అనలేదు. నేను అడగలేదు కూడా.

ఆదివారం గోదాంకి తాళం పడింది. మరమ్మతులట. నిన్నగాక మొన్న సున్నం వేసిన గదికి ఏం మరమ్మతులో. సేవా విభాగం అమ్మాయి వచ్చి, కళ్ళు దించుకుని, కుర్చీలు వెనక్కి తీసుకోవాలన్నారని కాయితం మీద రాసి ఇచ్చింది. వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, బుగ్గ మీద రెండు వేళ్ళు పెట్టి, రాలేదా అన్నట్టు చెయ్యి తిప్పింది. నీ గుర్తు మర్చిపోలేదు చూడు.

ఆ రోజంతా అన్నం సయించలేదు. పాఠం పోయింది, ఇక ఈ గది, ఈ పేపరు, ఈ గోడ. నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. అయినా ఆ కాయితం మీద సంతకం పెట్టి ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. అది చూసి నాకే ఆశ్చర్యం.

ఈ ఉత్తరం ఇక్కడి దాకా రాసి ఆపాను. మళ్ళీ రాస్తున్నది ఇవాళ, శనివారం సాయంత్రం. పోస్టు చేయకపోవడమే మంచిదైంది.

ఎందుకంటే ఈ మధ్యాహ్నం సైకిల్ షాపాయన పైకొచ్చి నా భుజం తట్టి కిందకి చూపించాడు. మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. తోటమాలి, ఆయన భార్య, వాళ్ళ వెనక ఇంకా పదకొండు మంది. కొందరు రాలేదు, ఇక రారు కూడా, వాళ్ళని నేనేమీ అనలేను. వచ్చినవాళ్ళు ఎవరి పీట వాళ్ళు తెచ్చుకున్నారు. నాలుగో వరసావిడ నన్ను చూసి, "మిల్లు నేర్పకపోతే నువ్వు నేర్పవా? అది కూడా మిల్లే చెప్పాలా?" అంది. ఇది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. నీ బాకీ నువ్వు తీర్చు అని దాని అర్థం. తీరుస్తాను. ఎన్ని శనివారాలు మిగిలుంటే అన్ని.

సైకిల్ షాపాయన కూడా పంపు పక్కన పెట్టి పాఠానికి కూర్చున్నాడు. నన్ను కింద నుంచి పిలవడానికి పనికొస్తుందట. గది ఆయనదే కదా, మొదట నేర్చుకున్న మాట, "అద్దె."

గది ఇరుకు, పదమూడు మంది పట్టరు, సగంమంది మెట్ల మీదే. కానీ అమ్మడూ, ఈ సంతోషం వేరు. గోదాంలో ఉన్న సంతోషం వేరు. అప్పుడు గాల్లో తేలాను, ఇప్పుడు నేల మీద ఉన్నాను. అందరూ వెళ్ళిపోయాక ఖాళీ గదిలో ఒక్కణ్ణే ఉన్నాను, పీటల గుర్తులు నేల మీద ఉన్నాయి, వాటిని తుడవలేదు.

నీ పదో ఏట నీ మీద పడ్డ పనికి నేనేం చెప్పగలను. అది నేను మోయాల్సిన బరువు. నీ చిన్న పాదం మీద పెట్టాను. దిగలేదని రాశావు. నువ్వు దిగాల్సింది కాదు తల్లీ, నేను చూడాల్సింది.

నా కుర్చీ తిప్పాను. కిటికీ వైపు మొహం. పేపరు సరిగ్గా కనపడటం లేదు, కళ్ళు లాగుతున్నాయి. అయినా ఇక అది అలాగే ఉంటుంది. కిటికీ పక్కనే ఉన్న తలుపులో ఎవరు నిలబడినా నా మొహం కనపడాలి.

మీ నాన్న


బస్ స్టేషన్,
ప్రకటనల గది,
గురువారం.

నాన్నకి,

పెట్టె గురించి కోపం పోలేదు. ఉత్తరంలో రాస్తే పోయేది కాదు అది. ఎదురుగా కూర్చుని చెప్పాలి, నువ్వు నా మొహం చూస్తూ వినాలి. అందుకే వస్తున్నాను.

వచ్చే వారం శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక బయల్దేరుతున్నాను. నా బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో మైకులో నేనే చెప్పి, మైకు కట్టేసి, కిందకి దిగి ఎక్కుతాను. శనివారం పాఠానికి నా పీట నేనే తెచ్చుకుంటాను. ఇన్నేళ్ళలో చాలా మాటలు మర్చిపోయి ఉంటాను, నువ్వు మళ్ళీ నేర్పాలి.

నువ్వు బస్టాండుకి రావద్దు. ఇంట్లోనే ఉండు. మెట్లెక్కుతూ పిలవను, వెనక నుంచి రాను. తలుపు తీసి పెట్టు. నీకు ఎదురుగా, కాస్త పక్కకి, కిటికీ వెలుతురు నా మొహం మీద పడే చోటికి వచ్చి నిలబడతాను.

నువ్వు తలెత్తే దాకా బుగ్గ మీద రెండు వేళ్ళు తీయను.